సకారం వినపడని సంఘం

అది 1968 నవంబరు 11, సోమవారం. వాన లేదు. ఆకాశం సీసం రంగులో బిగుసుకుపోయి ఉంది. గాలి మాత్రం తెల్లవారకముందే సముద్రం మీద నుంచి లేచి వచ్చింది. మన భాషలో గాలి వీస్తుంది, తోలుతుంది, కొడుతుంది. ఈ మూడు క్రియలకూ మూడు వేరువేరు బలాలున్నాయని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణి కనుక, ఆ ఉదయం గాలి కొట్టిందనే రాస్తున్నాను. ఓడల యార్డు గేటు పక్కనున్న రేకుల షెడ్డు ఆ దెబ్బలకు డబడబలాడుతోంది. లోపల యార్డు కార్మికులంతా ఒకరి భుజాలకొకరు ఆనుకుని నిలబడి ఉన్నారు. తొలి సైరను మోగేలోగా వాళ్ళు ఒక్క విషయం తేల్చుకోవాలి: పని ఆపాలా, వద్దా?

ముందు మా బావ సంగతి చెప్పాలి. ఈ కథ ఆయనది. మా అక్క భర్త. యార్డులో ఆయనను సైగల మేస్త్రి అనేవారు. వయసంతా ఆయన రివిట్లు కొట్టడంలోనే గడిపారు. ఎర్రగా కాల్చిన ఇనుప మేకును ఓడ రేకుల చిల్లుల్లో దూర్చి, అది చల్లారేలోగా సమ్మెటతో తల అణగగొట్టడమే రివిట్ల పని. బోలుగా ఉన్న ఓడ పొట్టలో కూర్చుని ఆ పని చేస్తుంటే, గంటలో దూరి గంట వాయించుకున్నట్టు ఉంటుంది. చివరికి చెవులు మొరాయించాయి. అప్పుడు ఆయనను నేల మీదికి దించి, ఎత్తున గదిలో కూర్చున్న క్రేను డ్రైవరుకు చేతులతో దారి చెప్పే పనిలో వేశారు.

“చెవులు పోయాయని సైగలకు వేశారు. ఇక బుర్ర కూడా పోతే మేనేజర్ని చేస్తారు, కాస్త ఓపిక పట్టవే” అని అక్కతో అనేవారు.

నిజానికి చెవులు పూర్తిగా పోలేదు. లావు ధ్వనులు నిలిచేవి, సన్ననివి జారిపోయేవి. అన్నిటికంటే ముందు జారిపోయింది ‘స’. శ ష స హలను వ్యాకరణంలో ఊష్మాలంటాం. ఊపిరిని రాపిడితో వదిలి పలికే అక్షరాలు. ఆ రాపిడి సన్నటిది కనుక, సమ్మెట మోత మొట్టమొదట దాన్నే తినేసేది. అక్క “సరే” అంటే ఆయనకు “అరే” అని వినపడేది.

“కట్టుకున్నవాణ్ణి పట్టుకుని అరే అంటావా?”

“అరే కాదండీ, సరే!”

“మళ్ళీ అంటోంది చూడు. విన్నావా బావమరిదీ, మీ అక్క మర్యాద?”

అందులో సగం నటనేనని నా అనుమానం. కానీ మిగతా సగం నిజం. రివిట్లవాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే తంతు. యార్డులో ఒకడు “సుత్తి పట్టుకురా” అంటే, రెండోవాడు “ఉత్తినే రావడం దేనికి?” అని కూర్చున్న చోటే కూర్చునేవాడట.

సంఘం పుట్టిందీ మా బావ చేతుల మీదే. ఆయనా, మోత బాబాయి అనే మరో రివిట్ల మనిషీ కలిసి పెట్టారు. రివిటు వెనక బరువు ఆనించి ఒకరు పట్టుకుంటేనే ముందు నుంచి మరొకరు కొట్టగలరు, అందుకని ఈ పని ఎప్పుడూ జోడీగానే చేస్తారు. మా బావకు మోత బాబాయి జోడీ. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం కొండల మీదికి వెళ్ళేది. మంచి దస్తూరీ ఉందని సంఘం నిబంధనలు నా చేత రాయించారు. “పని ఆపాలని సంఘం నిర్ణయించాక గేటు దాటినవాడు సంఘంలో ఉండడు” అని నేను రాసి చూపిస్తే, మా బావ వేలు పెట్టి ఆపారు.

“పాపం తెలియక దాటినవాణ్ణి ఏం చేస్తాం పంతులూ? ‘తెలిసి’ అని పెట్టు.”

‘నిర్ణయించాక’ తరువాత ‘తెలిసి’ చేర్చాను. అసమాపక క్రియ, చిన్న మాట. వాక్యం బరువంతా దాని మీదికి వచ్చి పడింది. అది న్యాయంగానే ఉందనుకున్నాను.

ఇక ఆ సోమవారానికి వస్తాను. అంతకు ముందు వారం ఓడ చుట్టూ కట్టిన పరంజాలో పుచ్చిన పలక ఒకటి విరిగి, రంగులు వేసే మనిషి కింద పడి ప్రాణం వదిలాడు. పాత పలకలు తీసేసి కొత్తవి వెయ్యాలి, కింద వలలు కట్టాలి, అంతవరకూ ఎవరూ పైకి ఎక్కరు అని సంఘం అడిగింది. ఓడను నీళ్ళలోకి దింపే తేదీ ఖాయమైంది కనుక కుదరదని మేనేజరు అన్నాడు. అందుకే సభ.

సంఘానికి అధ్యక్షుడు కార్మికుడు కాదు, ఒక ప్లీడరు గారు. మంచివారు. ముందస్తు నోటీసు ఇవ్వలేదు కాబట్టి సమ్మె అనే మాట ఎవరి నోటా రాకూడదని, మేనేజరు గుమాస్తా తలుపు దగ్గరే నిలబడి రాసుకుంటున్నాడని, ఆయన ముందే హెచ్చరించారు. అందువల్ల ప్రశ్నను వేరే మాటల్లో పెట్టారు. ఆయనకు ప్రాస మీద మోజు. తీర్మానం రాసిపెట్టడానికి నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను.

“పని ఆగాలా, సాగాలా? అంతే ప్రశ్న. ముందుగా, పని సాగాలనేవాళ్ళు చేతులెత్తండి!”

వడ్రంగులూ, రంగులవాళ్ళూ, స్టోరువాళ్ళూ ముందు వరసల్లో ఉన్నారు. అక్కడ ఏ నాలుగు చేతులో లేచాయి. వెనక రివిట్లవాళ్ళున్నారు, మందిలో సగానికి పైగా వాళ్ళే. అక్కడ చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. మోత బాబాయి చెయ్యి లేచింది. మా బావ చెయ్యీ లేచింది. పని ఆపాలని ఊరంతా తిరిగి చెప్పిన మనిషి! ప్లీడరు గారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

“మంచిది,” అన్నారాయన. “రెండో ప్రశ్న అవసరం లేదు. పని సాగుతుంది!”

వెనక వరసలు ఈలలు వేసి కేకలు పెట్టాయి. ముందు వరసలు తలలు వేలాడేశాయి. సైరను మోగింది.

పని, ఆగాలి: ఈ రెంటికీ సంధి చేస్తే ‘పనాగాలి’. చెయ్యకపోతే నడుమ యకారం వచ్చి ‘పనియాగాలి’. ఎటు చూసినా ‘పని సాగాలి’కి దానికీ మధ్య గట్టి అడ్డు ఒక్క సకారమే. రేకుల డబడబలో, సమ్మెట తినేసిన ఆ చెవుల్లో, ఆ ఒక్క అడ్డూ లేకుండా పోయింది. ముందున్నవాళ్ళు ‘సాగాలి’ అని విన్నారు. వెనకున్నవాళ్ళు ‘ఆగాలి’ అని విన్నారు. సంగతి ఆ క్షణంలో ఎవరికీ తెలియదు.

వడ్రంగులూ రంగులవాళ్ళూ ఓడిపోయిన మొహాలతో గేటు దాటి లోపలికి నడిచారు. గెలిచామనుకున్న రివిట్లవాళ్ళు గేటు బయట బారులు తీరారు. లోపలికి పోతున్నవాళ్ళను చూసి మోత బాబాయి నిప్పు తొక్కినట్టు లేచాడు.

“ఏరా, మొహాన నెత్తురు లేదా మీకు? అందరం చేతులెత్తి తేల్చాక లోపలికెలా పోతున్నారు?”

“ఎత్తింది మీరే కదా బాబాయ్! మేం ఎత్తామా?” అన్నాడొక వడ్రంగి.

“ఎత్తాం కాబట్టే బయట నిలబడ్డాం!”

“ఎత్తినవాళ్ళు లోపలికి రావాలి కానీ బయట నిలబడతారా? మందేమన్నా పడిందా పొద్దున్నే?”

ఒకడు మట్టిగడ్డ విసిరాడు. అది వడ్రంగి వీపున పగిలింది. ఇనుప గేటు మూసుకుంది. కాసేపటికి గుమాస్తా వచ్చి గేటుకు కాగితం అంటించాడు. పని సాగాలని మీ సంఘమే నిర్ణయించింది, కనుక పది గంటల సైరనుకు లోపల లేనివాళ్ళు తమంతట తాము ఉద్యోగం వదులుకున్నట్టే, అని దాని సారాంశం. చదువు వచ్చినవాడు దాన్ని ఊడదీసి చదవబోతే, వాడి చేతిలోంచి మరొకడు లాక్కుని చించి గాలికి వదిలేశాడు. మేనేజరు కాగితం కదా, అందులో నిజమెందుకు ఉంటుంది?

బయట ఉన్నవాళ్ళు లేకపోయినా పని ఆగదని చూపించడానికి మేనేజరు వెంటనే క్రేను కదిలించమన్నాడు. ఓడ ముక్కుకు అతికించే పెద్ద ఇనుప రేకు గొలుసులకు వేలాడుతూ లేచింది. పరంజా మీద రంగులవాళ్ళు అప్పటికే ఉన్నారు. సైగలు చెయ్యాల్సిన మా బావ గేటు బయట ఉన్నారు కనుక, ఆ పని ఫోర్‌మాన్ చేస్తున్నాడు. పని పేరు సైగలు కానీ, ఈగలు తోలుతున్నట్టు ఉంది.

మా బావ గేటు కమ్ములు రెండు చేతులా పట్టుకుని చూస్తున్నారు. గాలి రేకును తలుపులా తిప్పుతోంది. తిరిగిన ప్రతిసారీ దాని అంచు పరంజాకు దగ్గరవుతోంది.

“చూడకు,” అన్నాడు మోత బాబాయి. “చూస్తే కాళ్ళు లాగుతాయి.”

“వాడికి సైగలు రావు.”

“వస్తే ఎంత, రాకపోతే ఎంత? మనల్ని కాదని పోయారు. వాళ్ళ చావు వాళ్ళు చస్తారు.”

“చస్తారనే వెళ్తున్నాను,” అన్నారు మా బావ.

మోత బాబాయి ఆయన చొక్కా పట్టుకున్నాడు. “దాటితే నువ్వు పెట్టిన నిబంధనే నీ మెడకు చుట్టుకుంటుంది. నేను విడిపించను. ఆలోచించుకో.”

మా బావ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని, కాపలావాడు తీసిన సందులోంచి లోపలికి దూరారు. పరుగెత్తుతూనే కుడి అరచెయ్యి విప్పి పైకెత్తారు. ఆ యార్డులో చెయ్యి ఎవరిదైనా సరే, విప్పిన అరచెయ్యి లేచిందంటే క్రేను ఆగిపోవాలి. ఆగింది. రేకు ఆగలేదు. గాలి విసురుకు దాని అంచు పరంజా కొసను తాకింది. పలకలు ఎగిరిపడ్డాయి. పైనున్నవాళ్ళు బోర్లా పడుకుని గుంజలను కావలించుకున్నారు. ఒక రంగు డబ్బా జారి, నేల మీద పడి, ఎర్రగా పగిలింది. గేటు బయట ఎవరో “అయ్యో” అన్నారు.

మా బావ పరంజా కిందికి, రేకుకు సూటిగా వెళ్ళి నిలబడ్డారు. అది మీద పడితే మనిషి అచ్చు కూడా మిగలదు. అక్కడ నిలబడితే తప్ప డ్రైవరుకు ఆయన కనపడరు. రెండు విసురుల నడుమ గాలి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ వ్యవధిలో వేలు కిందికి చూపేవారు. రేకు కాస్త దిగేది. మళ్ళీ విసురు రాగానే అరచెయ్యి. మళ్ళీ వేలు. రేకు నేలను తాకాక గొలుసులు వదులయ్యాయి. పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చారు.

మోత బాబాయి గేటుకు వీపు తిప్పాడు. “ఇవాళ్టితో నాకు జోడీ లేడు,” అన్నాడు. మామూలుగా కేకలు పెట్టే మనిషి, ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే చుట్టూ ఉన్నవాళ్ళు పెదవులు చూసి అర్థం చేసుకోవాల్సి వచ్చింది.

అప్పటికి అక్క క్యారియరు పట్టుకుని వచ్చింది. గేటు లోపల మొగుణ్ణి, బయట మిగతా అందరినీ చూసి నిలబడిపోయింది.

“ఏమైంది బాబాయ్?”

“పని ఆగాలని చెయ్యెత్తి, పనిలోకి పోయాడమ్మా నీ మొగుడు. మహానుభావుడు.”

“ఆగాలని కాదక్కా, సాగాలని,” అన్నాను నేను. “సాగాలనేవాళ్ళు చేతులెత్తమంటే బావ కూడా ఎత్తారు. నాకూ అంతుపట్టలేదు.”

అక్క నా మొహం కేసి వింతగా చూసింది. “ఏమని అడిగార్రా? ఉన్నదున్నట్టు చెప్పు.”

చెప్పాను. అక్కకు ముందు నవ్వు వచ్చింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సాగాలా! వీళ్ళకి ‘స’ వినపడుతుందిరా? ఇంట్లో ఒక్క సరే అనలేక నేను చస్తుంటే, సభ పెట్టి సాగాలంటారా? ఒరేయ్ తమ్ముడూ, వీళ్ళంతా ఆగాలనే ఎత్తారు!”

నేను ప్లీడరు గారి కోసం పరుగెత్తాను. ఆయన వచ్చి, గేటు కమ్ముల మధ్య నుంచి వడ్రంగులకు సంగతి చెప్పారు. పది గంటల సైరను ఇంకా మోగలేదు. లోపలివాళ్ళు పనిముట్లు కింద పెట్టి బయటికి వచ్చేశారు. పొద్దున మట్టిగడ్డ తిన్న వడ్రంగి, విసిరినవాడి పక్కనే వచ్చి నిలబడి, వీపు దులపమన్నాడు.

పది గంటల సైరను మోగింది. మేనేజరు మాత్రం కాగితాన్ని వెనక్కి తీసుకోలేదు. విషయం తెలిసి సాయంకాలానికి లేబరు ఆఫీసరు వచ్చారు. అదే రేకుల షెడ్డులో బల్ల వేసి విచారణ. గాలి తగ్గలేదు. రివిట్లవాళ్ళు పొరపాటుగా విన్నది నిజమైతే, వాళ్ళు సంఘం మాట విన్నట్టే, ఉద్యోగాలు ఉంటాయి. సాకు అయితే, సైరనుకు బయట ఉన్నవాళ్ళంతా ఉద్యోగాలు వదులుకున్నట్టే.

మేనేజరు తెలివైనవాడు. నేరుగా మా బావను చూపించాడు.

“ఆఫీసరు గారూ, ఇతనూ రివిట్లవాడే, ఇతని చెవులూ అవే చెవులు. ఇతనికి మాత్రం ‘సాగాలి’ అని సవ్యంగా వినపడింది, లోపలికి వచ్చాడు. ఒకడికి వినపడ్డది మిగతావాళ్ళకి వినపడలేదా? ఏం మేస్త్రీ, పని సాగాలనే కదా విని వచ్చావు? మంచి పని చేశావు. ఆ మాటే చెప్పు. నీకూ ఢోకా లేదు, సంఘంలో నీ పేరుకూ మచ్చ లేదు.”

అదే చిక్కు. ‘సాగాలి’ అని విన్నానంటే మా బావ సంఘం నిర్ణయం ప్రకారమే లోపలికి వెళ్ళినట్టు. తాను పెట్టిన సంఘంలో తాను తలెత్తుకుని ఉండవచ్చు. మిగతావాళ్ళ మాట అబద్ధమవుతుంది. ‘ఆగాలి’ అని విన్నానంటే మిగతావాళ్ళు నిలబడతారు. తాను మాత్రం సంఘం నిర్ణయాన్ని విని, అర్థం చేసుకుని, కాదని గేటు దాటినవాడవుతారు. వడ్రంగులకు తెలియదు. మొత్తం యార్డులో తెలిసి దాటినవాడు ఆయన ఒక్కడే.

ఆఫీసరు ప్రశ్నను పలక మీద రాసి చూపించారు: ‘మీకు ఏమని వినపడింది?’

మా బావ పలక వంక చూశారు. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది, ఆమె వంక చూడలేదు. మోత బాబాయి వంకా చూడలేదు. సకారం ఆయన చెవికి తెలియదు గానీ నాలుకకు తెలుసు. నోరు తెరిస్తే మొదట ఏ అక్షరం వస్తుందోనని షెడ్డు షెడ్డంతా ఆయన పెదవుల మీదే కళ్ళు పెట్టింది.

“ఆగాలి అని విన్నానండి.”

“అయితే లోపలికి ఎందుకు వెళ్ళారు?” ఆఫీసరు రాయడం మరిచిపోయి నోటితోనే అడిగారు. మా బావకు ఆ ప్రశ్న అర్థమైంది.

“పైన మనుషులున్నారండి. తెలిసే వెళ్ళాను.”

ఆఫీసరు కలం మూశారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. అక్కడికక్కడే ఓటు మళ్ళీ పెట్టారు. ఈసారి ప్లీడరు గారు నోరు మెదపలేదు. యార్డు సైగలతోనే అడిగారు, యార్డు సైగలతోనే చెప్పారు: షెడ్డు నిండా విప్పిన అరచేతులు. ఈ సంఘంలో నేటికీ ఓటు మాటలతో జరగదు. కొత్తవాళ్ళు చూసి వింతపడతారు. కొత్త పలకలు, వలలు వచ్చేదాకా పని ఆగింది. వచ్చాయి.

అదే సభలో రెండో తీర్మానం కూడా పెట్టాల్సి వచ్చింది: తెలిసి గేటు దాటిన మా బావ పేరు సంఘంలోంచి తీసెయ్యాలని. మా బావను మినహాయిస్తే, పొద్దుటి నిర్ణయం అసలు నిర్ణయమే కాదని మేనేజరు రేపే మొదలుపెడతాడని ప్లీడరు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. చివరికి, తన పేరు తీసెయ్యడానికి మొదటి చెయ్యి మా బావే ఎత్తారు. తరువాత ఒక్కొక్కటే లేచాయి. మోత బాబాయి మాత్రం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. అతను ఎత్తనూ లేదు, కాదననూ లేదు.

మా బావ పదవీ విరమణ దాకా అదే యార్డులో సైగలు చేశారు. సభలు జరిగే రోజుల్లో షెడ్డు బయట నిలబడేవారు. మోత బాబాయి మళ్ళీ మా అక్క గడప తొక్కడానికి ఏడాది పట్టింది. వచ్చినవాడు ఆ ప్రస్తావన తేలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చేతులతో ఏదో మాట్లాడుకున్నారు. నాకు ఆ భాషలో ప్రవేశం లేదు.

చాలా ఏళ్ళకు సంఘం పగ్గాలు కుర్రవాళ్ళ చేతికి వచ్చాయి. వార్షికోత్సవం పెట్టి, పాత తీర్మానాన్ని రద్దు చేసి, మా బావను క్షమించి మళ్ళీ చేర్చుకుంటామని రాశారు. ఆయన పంపిన జవాబును అప్పటి కార్యదర్శి నాకు చూపించాడు. అక్షరదోషాలు రెండే ఉన్నాయి, వాటిని దిద్ది ఇక్కడ ఇస్తున్నాను.

“కార్యదర్శి బాబుకి,

మీ ఉత్తరం అందింది. మా ఆవిడ చదివి వినిపిస్తానంది, నేనే చదువుకున్నాను. నా మీద తీర్మానం రద్దు చేస్తామని రాశారు. మీ మనసు మంచిది. కానీ వద్దు.

మీరు క్షమించడానికి నేను తప్పు చెయ్యలేదు. పోనీ, తప్పు లేదు కాబట్టి రద్దు చేస్తామంటారా, అప్పుడు నేను తెలియక వెళ్ళానని అవుతుంది. తెలిసే వెళ్ళాను. పైన మనుషులున్నారు కాబట్టి వెళ్ళాను. అందరి మాటా కాదన్నాను కాబట్టి బయట నిలబడ్డాను. రెండూ న్యాయంగానే జరిగాయి. ఒకదాన్ని దిద్దబోతే రెండోది చెడుతుంది.

బాధ లేదని రాయను. సభ రోజుల్లో మీ నాన్నల వయసువాళ్ళు నన్ను చూసి తల దించుకుని లోపలికి పోయేవాళ్ళు. అదొక్కటే కష్టంగా ఉండేది.

మోత బాబాయి పోయే ముందు ఒకసారి అడిగాడు, మళ్ళీ అలాంటి రోజొస్తే ఏం చేస్తావని. లోపలికే పోతానన్నాను. నేను బయట నిలబడి తిడుతూనే ఉంటానన్నాడు. సంఘానికి ఇద్దరూ కావాలి బాబూ.

వార్షికోత్సవానికి తప్పకుండా వస్తాం, నేనూ మా ఆవిడా. సభ్యుడిగా కాదు, చుట్టపుచూపుగా. కుర్చీల కోసం హైరానా పడకండి.

ఇట్లు,
సైగల మేస్త్రి.”